ఇసుకలోని ఇనుము, గాలిలోని ఇనుము

శ్రీకాకుళం జిల్లా తీరంలో కళింగపట్నం నుంచి భావనపాడు దాకా, కెరటం వెనక్కి తగ్గిన చోట లేత ఇసుక మీద నల్లటి చారలు తేలి కనిపిస్తాయి. తూర్పు కనుమల రాళ్లు యుగాల తరబడి శిథిలమై, నాగావళి, వంశధార వంటి నదుల్లో కొట్టుకొచ్చి, సముద్రపు పోటుపాట్లకు బరువును బట్టి వేరుపడిన గింజలే ఆ చారలు. వాటిలో ప్రధానమైనది ఇల్మనైట్, అంటే ఇనుము, టైటానియం కలిసిన ఆక్సైడు. దానితోపాటు ఎర్రటి గార్నెట్, సిల్లిమనైట్, కొద్దిగా రూటైల్, జిర్కాన్, ఇంకా తక్కువగా మోనజైట్ ఉంటాయి. అయస్కాంతం ముక్కను ఆ చారలో తిప్పితే ముందుగా అంటుకొచ్చేవి మాగ్నటైట్ గింజలు. ఇల్మనైట్ మామూలు అయస్కాంతానికి అంత సులువుగా లొంగదు. పక్కనున్న విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి, గర్భాం, కోడూరు ప్రాంతాల నేలలో మాంగనీసు ఆక్సైడ్లున్నాయి. దేశంలో మాంగనీసు తవ్వకం 1892 ప్రాంతంలో మొదలైంది ఇక్కడే. భూగర్భ శాస్త్రవేత్త ఎల్.ఎల్. ఫెర్మర్ ఈ ఖనిజానికి పుట్టిల్లయిన శిలకు కోడూరు ఊరి మీదుగానే 'కోడురైట్' అని పేరు పెట్టాడు.

ఈ ఆక్సైడ్లే గాజు కొలిమిలోకి వెళ్తే సీసాకు, గాజులకు, కిటికీ అద్దానికి రంగునిస్తాయి. ధూళిగానో పొగగానో గాలిలోకి లేస్తే వాతావరణంలో భాగమవుతాయి. అందువల్ల గాజు రంగులకు చెప్పే వివరణనే ఆకాశం రంగులకూ వర్తింపజేసి, నీలానికి ఒక లోహాన్ని, ఎరుపుకు మరో లోహాన్ని కారణంగా చెప్పడం తరచుగా వినిపిస్తుంది. ఆ వివరణ చాలావరకు నిలవదు. రంగు అనేది లోహానికి అతుక్కుని ఉండే గుణం కాదు. ఆ లోహం ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంది, దాని చుట్టూ ఏ పరమాణువులు ఏ అమరికలో ఉన్నాయి, అది విడి అయానుగా కరిగి ఉందా లేక రేణువుగా తేలుతోందా అన్నదాన్ని బట్టి రంగు పుడుతుంది.

ముందుగా ఇనుము సంగతి. గోలీ సోడా సీసాను వెలుతురుకెత్తి చూస్తే మెడ దగ్గర, అడుగున, అంటే గాజు మందంగా ఉన్న చోట్ల ఆకుపచ్చ చిక్కబడుతుంది. మామూలు కిటికీ అద్దాన్ని ఎదురుగా చూస్తే రంగేమీ ఉన్నట్టు తోచదు గానీ, కోసిన అంచువైపు నుంచి చూస్తే అదే ఆకుపచ్చ బయటపడుతుంది. ఈ రంగును ఎవరూ కావాలని వేయలేదు. గాజుకు వాడిన ఇసుకలోంచి వచ్చిన ఇనుమే దానికి కారణం. సాధారణ కిటికీ అద్దంలో ఇనుప ఆక్సైడు దాదాపు 0.1 శాతం ఉంటుంది. అందులో కొంత ఇనుము రెండు ఎలక్ట్రాన్లు పోయిన స్థితిలో, కొంత మూడు పోయిన స్థితిలో ఉంటాయి. మొదటిది పరారుణ కాంతిని, దానికి ఆనుకుని ఉన్న ఎరుపును మింగి నీలిఛాయనిస్తుంది. రెండోది అతినీలలోహితాన్ని, ఊదా అంచును మింగి పసుపునిస్తుంది. ఆ రెండూ కలిస్తే కంటికి కనపడేది ఆకుపచ్చ. కొలిమిలో గాలి ధారాళంగా ఉంటే రంగు పసుపువైపు, బొగ్గువంటి, ఆక్సిజన్‌ను లాక్కునే పదార్థాలు ఎక్కువైతే నీలంవైపు మొగ్గుతుంది. ఒకే ఇనుము, ఒకే ఇసుక, అయినా మంట తీరును బట్టి సీసా రంగు మారిపోతుంది. టానిక్ సీసాల ముదురు గోధుమరంగుకూ మూలం ఇనుమే, కాకపోతే అక్కడ గంధకం కూడా దానితో జతకడుతుంది. ఇళ్ల కప్పుల మీద వెలుస్తున్న సౌర ఫలకాల పైగాజుకు మాత్రం ఈ ఇనుము శత్రువు. అది మింగిన కాంతి కరెంటుగా మారదు కాబట్టి, ఆ గాజులో ఇనుప ఆక్సైడును 0.01 శాతం ప్రాంతానికి దించుతారు. నల్లచారల తీరపు ఇసుక అటువంటి గాజుకు ఎందుకు పనికిరాదో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఆకుపచ్చను వదిలించడానికి గాజు పనివారు శతాబ్దాలుగా వాడిన మందు మాంగనీసు డయాక్సైడు. అది చేసే పని రెండు రకాలు. తనలోని ఆక్సిజన్‌ను ఇచ్చి నీలపు ఇనుమును పసుపు ఇనుముగా మార్చడం ఒకటి. మిగిలిన లేత పసుపుకు తన ఊదాఛాయను అడ్డంపెట్టి, రెండు రంగులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని కంటికి తెల్లగా తోచేలా చేయడం రెండోది. నిజానికి ఇక్కడ రంగు పోలేదు, కొంచెం వెలుతురును పణంగా పెట్టి కంటిని సమాధానపరచడమే జరిగింది. మాంగనీసు మోతాదు మించితే గాజు నిండా ఊదారంగే తేలుతుంది. కొలిమిలో రంగు లేని స్థితికి దిగిన మాంగనీసు కూడా శాశ్వతంగా అలాగే ఉండిపోదు. ఏళ్లతరబడి ఎండలో పడివున్న అటువంటి పాత గాజులో అతినీలలోహిత కిరణాలు మాంగనీసు అయాను నుంచి మరో ఎలక్ట్రాన్‌ను ఊడగొడతాయి, దాంతో తెల్లటి సీసా మెల్లగా లేత ఊదారంగుకు తిరుగుతుంది. ఆ గాజును మళ్లీ బాగా వేడిచేస్తే రంగు విరిగిపోతుంది. ఇప్పుడు ఆ పనికి ఎక్కువగా సెలీనియం, సీరియం ఆక్సైడు వంటివి వాడుతున్నారు. సీరియం దొరికేది మోనజైట్‌లో. అంటే విజయనగరం ఖనిజం చేసిన పనిని శ్రీకాకుళం తీరంలోని ఖనిజం చేయగలదన్నమాట.

అసలు కొన్ని లోహాలు గాజుకు రంగునివ్వడం, కొన్ని ఇవ్వకపోవడం ఎందుకు? కిటికీ గాజులో బరువు లెక్కన 13, 14 శాతం సోడియం ఆక్సైడే ఉంటుంది, అయినా దానికి రంగు లేదు. చిటికెడు ఉప్పు పొయ్యి మంటలో పడితే అదే సోడియం మంటనంతా పసుపు చేస్తుంది. బేరియం దీపావళి మతాబుల్లో ఆకుపచ్చ వెలుగునిస్తుంది, గాజులో మాత్రం బేరియం ఆక్సైడు రంగు లేకుండా గాజు మెరుపును పెంచి ఊరుకుంటుంది. మంటలో సోడియం విడి పరమాణువు. దాని చివరి ఎలక్ట్రాన్ వేడికి పైమెట్టెక్కి, దిగేటప్పుడు 589 నానోమీటర్ల పసుపు కాంతిని విడుదల చేస్తుంది. గాజులో ఆ ఎలక్ట్రానే లేదు, అది ఆక్సిజన్‌కు పోయింది. మిగిలిన ఎలక్ట్రాన్లను కదిలించడానికి కంటికి కనిపించే కాంతికి శక్తి చాలదు. ఇనుము, మాంగనీసు, కోబాల్టు, రాగి, క్రోమియం, నికెల్ వంటి లోహాల పరిస్థితి వేరు. వాటి అయాన్లలో పూర్తిగా నిండని లోపలి కక్ష్యలుంటాయి. చుట్టూ ఉన్న ఆక్సిజన్ పరమాణువులు ఆ కక్ష్యల శక్తిని రెండు మూడు అంతస్తులుగా చీలుస్తాయి. ఆ అంతస్తుల మధ్య ఎడం సరిగ్గా దృశ్యకాంతి శక్తికి సమానమవుతుంది. కోబాల్టు చుట్టూ నాలుగు ఆక్సిజన్లుంటే గాజు గాఢమైన నీలం. అదే కోబాల్టు నీళ్లలో ఆరు ఆక్సిజన్ల మధ్య చేరితే గులాబీ రంగు. ఒక శాతంలో వందోవంతుల్లో వేసినా గాజును ముదురు నీలం చేసే శక్తి దానిది. ఇంటర్మీడియట్ రసాయనశాస్త్ర ప్రయోగశాలల్లో పొటాషియం జ్వాలను చూడటానికి ఇచ్చే నీలిగాజు ముక్క కోబాల్టుదే. సోడియం పసుపును అది ఆపేస్తుంది, పొటాషియం లేత ఊదాను పోనిస్తుంది.

పరిసరాల ప్రభావానికి నల్ల ఇసుకనే మించిన ఉదాహరణ లేదు. ఇనుము, టైటానియం చేరువగా ఉన్నప్పుడు ఒకదాని ఎలక్ట్రాన్ రెండోదానికి దూకగలదు, ఆ దూకుడుకు కావలసిన శక్తిని దృశ్యకాంతి నుంచే తీసుకుంటుంది. ఇల్మనైట్ నిండా ఈ జంటలే ఉండటంతో అది వెలుగునంతా మింగి నల్లగా కనిపిస్తుంది. అవే జంటలు రంగు లేని అల్యూమినియం ఆక్సైడు స్ఫటికంలో ఒక శాతంలో వందోవంతుల్లో చేరితే అది నీలం, అంటే నవరత్నాల్లోని ఇంద్రనీలం.

ఇక ఆకాశం. పగటి నీలానికి ఏ లోహపు ఆక్సైడుతోనూ పని లేదు. నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు కాంతిని చెదరగొట్టే తీవ్రత తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. ఈ లెక్కన 400 నానోమీటర్ల ఊదా, 700 నానోమీటర్ల ఎరుపు కంటే తొమ్మిది రెట్లకు పైగా చెదురుతుంది. సూర్యుడి వెలుగులో ఊదా తక్కువ కావడం, కంటికి నీలం మీద మక్కువ ఎక్కువ కావడం వల్ల ఆకాశం ఊదాగా కాక నీలంగా తోస్తుంది. ఉదయాస్తమయాల ఎరుపు దీనికే మరో ముఖం. దిగంతం మీది సూర్యుడి కాంతి, నడినెత్తిన ఉన్నప్పటి కంటే దాదాపు 38 రెట్ల గాలిని దాటి రావాలి. దారిలో నీలం చెదిరిపోగా మిగిలింది ఎరుపు. అరసవల్లి సూర్యదేవాలయంలో ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ స్వామి పాదాలను తాకే తొలి కిరణాల రంగుకు కారణమూ ఇదే. గాలిలోని ధూళి ఆ ఎరుపును చిక్కబరచవచ్చు, మసకబరచనూ వచ్చు, కానీ దాన్ని పుట్టించదు.

గాజులోనూ ఈ తరహా రంగు లేకపోలేదు. బంగారం, రాగి గాజులో అయాన్లుగా కాక, నానోమీటర్ల పరిమాణం గల లోహపు రేణువులుగా పేరుకున్నప్పుడు వచ్చే కెంపు రంగు ఆక్సైడు రంగు కాదు. కరిగించి చల్లార్చినప్పుడు దాదాపు రంగు లేకుండా ఉన్న గాజు, మళ్లీ నెమ్మదిగా వేడిచేస్తే రేణువులు ఎదిగి ఎర్రబడుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న నాలుగో శతాబ్దపు రోమన్ పాత్ర, లైకర్గస్ కప్పు, వెలుతురు ఎదురుగా పడితే ఆకుపచ్చగానూ, లోపలి నుంచి వస్తే ఎర్రగానూ కనిపిస్తుంది. అందులోని బంగారం, వెండి రేణువులు కొన్ని తరంగాలను వెనక్కి చెదరగొట్టి మిగిలినవాటిని ముందుకు పోనిస్తాయి. చెదిరిన వెలుగు ఒక రంగు, దాటివచ్చిన వెలుగు మరో రంగు కావడంలో ఆకాశానికి నిజంగా దగ్గరి చుట్టం ఈ పాత్రే గానీ, కోబాల్టు గాజు కాదు.

అయితే రోజులో ఒక సమయానికి కోబాల్టు పోలిక సరిపోతుంది. సూర్యుడు అస్తమించిన కొద్దిసేపటికి నడినెత్తిన కనిపించే గాఢనీలం ఎక్కువగా చెదరడం వల్ల వచ్చింది కాదు, శోషణ వల్ల వచ్చింది. ఆ వేళ సూర్యకాంతి ఏటవాలుగా ఓజోన్ పొరలో చాలా దూరం ప్రయాణిస్తుంది. ఓజోన్ 600 నానోమీటర్ల చుట్టుపక్కల నారింజ కాంతిని కొంచెం కొంచెంగా మింగుతుంది. ఓజోన్ లేకపోతే ఆ వేళ ఆకాశం బూడిదరంగు కలిసిన పసుపుగా ఉండేదని 1953లో భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హల్బర్ట్ లెక్కగట్టాడు. కోబాల్టు గాజు మింగేదీ 540 నుంచి 640 నానోమీటర్ల దాకా ఉన్న భాగాన్నే. సంజె చీకటి నీలమూ నీలిగాజు నీలమూ ఒకే చోట కాంతిని పోగొట్టుకోవడం వల్ల వచ్చాయి, ఒకటి లోహం వల్ల, మరొకటి లోహమే లేని వాయువు వల్ల.

లోహపు ఆక్సైడు ఆకాశాన్ని నిజంగానే ఏలే చోటు అంగారకుడు. అక్కడి పలుచని గాలిలో ఎప్పుడూ తేలే ధూళిలో ఇనుప ఆక్సైడ్లు నీలాన్ని మింగడంతో పగటి ఆకాశం పసుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది. 1976లో వైకింగ్ 1 వ్యోమనౌక అక్కడ దిగినప్పటి నుంచి వస్తున్న చిత్రాలన్నీ దీన్నే చూపుతున్నాయి. సూర్యాస్తమయం మాత్రం నీలం. ఆ ధూళి రేణువుల పరిమాణం నీలాన్ని సూర్యుడి దిశకు దగ్గరగా ముందుకు చెదరగొట్టడానికి అనువుగా ఉంటుంది. 2015లో అక్కడ తిరిగే క్యూరియాసిటీ రోవర్ ఆ దృశ్యాన్ని రంగుల్లో పంపింది. భూమి మీద కూడా ఎడారుల నుంచి ఏటా వంద కోట్ల టన్నులకు మించిన ధూళి లేస్తుంది, అందులో కొద్ది శాతం హెమటైట్, గోయథైట్ అనే ఇనుప ఖనిజాలుంటాయి. వేసవిలో థార్, అరేబియా ఎడారుల ధూళి ఉత్తరాదిని కప్పినప్పుడు ఆకాశం గోధుమరంగుకు తిరగడంలో వాటి పాత్ర ఉంది. అయినా భూమి మీద గాలి చిక్కదనం ముందు ఆ రంగు కొద్ది రోజుల అతిథే.

నేలకు దూరంగా, 80 నుంచి 110 కిలోమీటర్ల ఎత్తులో, ఆక్సైడ్లు మరో పని చేస్తున్నాయి. రోజూ పదుల టన్నుల్లో వచ్చిపడే ఉల్కా ధూళి కరిగి ఆవిరై, ఇనుము, మెగ్నీషియం, సోడియం వంటి లోహాలు విడి పరమాణువులుగా అక్కడ పొరలు కడతాయి. సోడియం పరమాణువు ఓజోన్‌తో కలిసి సోడియం ఆక్సైడు అవుతుంది. ఆ ఆక్సైడును ఆక్సిజన్ పరమాణువు మళ్లీ విడగొడుతుంది. విడిపోయిన సోడియం 589 నానోమీటర్ల పసుపును వెలువరిస్తుంది. ఈ చక్రాన్ని 1939లో శాస్త్రవేత్త సిడ్నీ చాప్‌మన్ ప్రతిపాదించాడు. ఇనుప ఆక్సైడు అణువు కూడా అక్కడ ఓజోన్‌తో జరిగే చర్య వల్ల నారింజ వైపు మసక వెలుగునిస్తుంది. అమావాస్య రాత్రి కూడా ఆకాశం పూర్తిగా చీకటి కాకపోవడానికి ఇటువంటి వెలుగులు కొంత కారణం, కంటికి రంగుగా తెలియనంత సన్నగానే. తిరుపతి దగ్గరి గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 589 నానోమీటర్ల లేజరును పైకి పంపి, ఈ సోడియం పొర నుంచి తిరిగి వచ్చే కాంతిని కొలిచారు. సరిగ్గా ఆ తరంగదైర్ఘ్యం దగ్గరే కాంతిని గట్టిగా మింగే గాజు ఒకటుంది, అది నియోడిమియం ఆక్సైడు కలిపిన గాజు. గాజు ఊదేవారు మంటలోని సోడియం పసుపు కళ్లకు కొట్టకుండా అటువంటి అద్దాలే పెట్టుకుంటారు. నియోడిమియాన్ని 1885లో ఆవుయర్ ఫన్ వెల్స్‌బాక్ వేరుచేశాడు. అది దొరికే ప్రధాన ఖనిజాల్లో మోనజైట్ ఒకటి.

పైనుంచి రాలే లోహాల్లో ఇప్పుడు మనుషుల వాటా కూడా చేరింది. కాలం తీరిన ఉపగ్రహాలు తిరిగి వాతావరణంలోకి వచ్చి కాలిపోయేటప్పుడు వాటి అల్యూమినియం ఆక్సైడుగా మారుతుంది. స్ట్రాటోస్ఫియర్‌లోని సల్ఫ్యూరిక్ ఆమ్లపు పెద్ద రేణువుల్లో దాదాపు పదింట ఒకటి అంతరిక్ష నౌకల నుంచి వచ్చిన లోహాలను మోస్తోందని 2023లో వెలువడిన కొలతలు తేల్చాయి. శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ లేచేటప్పుడు కనిపించే తెల్లటి దట్టమైన పొగలోనూ అల్యూమినియం ఆక్సైడు ఉంటుంది, ఘన ఇంధనంలో ఆ లోహపు పొడి కలుపుతారు కాబట్టి. రంగు లేని పదార్థమే అయినా రేణువులుగా ఉండి వెలుగునంతా చెదరగొట్టడం వల్ల అది తెల్లగా కనిపిస్తుంది. దీపావళి రాత్రి చిచ్చుబుడ్ల మీద కమ్ముకునే తెల్లపొగలోనూ అల్యూమినియం, మెగ్నీషియం ఆక్సైడ్లుంటాయి. మతాబు వెలుగు ఆకుపచ్చ, దాని పొగ తెలుపు. బాణసంచాలో బేరియం లవణాల వాడకాన్ని సుప్రీంకోర్టు 2018లో నిషేధించింది పొగలో మిగిలే ఆ లోహం గురించే.

గాలిలో ఉన్న లోహాన్ని రంగును బట్టి పట్టుకోవడం ఎందుకు కుదరదో చిన్న లెక్క చెబుతుంది. ఒక చదరపు మీటరు వైశాల్యం, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న కిటికీ అద్దం బరువు ఏడున్నర కిలోలు. 0.1 శాతం లెక్కన అందులో ఇనుప ఆక్సైడు ఏడున్నర గ్రాములు. అంత ఉన్నా ఎదురుగా చూస్తే రంగు తెలియడం కష్టం. గాలిలో మాంగనీసు ఏడాది సగటున ఘనపు మీటరుకు 0.15 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా మార్గదర్శకాలు చెప్పాయి. ఆ హద్దు దగ్గర ఒక చదరపు మీటరు నేల మీద కిలోమీటరు ఎత్తున్న గాలి మొత్తంలో ఉండే మాంగనీసు 150 మైక్రోగ్రాములే, అంటే ఆ అద్దంలోని ఇనుప ఆక్సైడులో యాభై వేలవ వంతు. కరిగిన ఫెర్రో మాంగనీసును, అంటే ఇనుము, మాంగనీసు కలిసిన మిశ్రమ లోహాన్ని, కొలిమి నుంచి బయటికి వదిలేటప్పుడు లేచే గోధుమరంగు పొగ కంటికి కనపడుతుంది, నిజమే. అది పలచబడి ఊరి గాలిలో కలిశాక కంటికి ఆనవాలు దొరకదు. మాంగనీసు పొడిని చాలాకాలం పీల్చినవారి నడక, మాట, ముఖకవళికలు దెబ్బతింటాయని 1837లోనే జాన్ కూపర్ గ్లాస్గోలో మాంగనీసు డయాక్సైడును నూరే పనివారిని చూసి రాశాడు. గాజును తెల్లబరచే పొడి కూడా అదే.

దేశంలో 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లో 12 కాలుష్యకాలున్నాయి. అందులో సీసం, ఆర్సెనిక్, నికెల్‌కు విడివిడిగా హద్దులు పెట్టారు. మాంగనీసు ఆ జాబితాలో లేదు. సూక్ష్మధూళిని వడపోత కాగితం మీద పట్టి తూచినప్పుడు అది మొత్తం బరువులో కలిసిపోతుంది, ఎర్రమట్టి దుమ్ముతో సమానంగా. ఫెర్రో మిశ్రమాల కొలుములున్న గరివిడి, బొబ్బిలి వంటి చోట్ల ఆ కాగితాన్ని తూచి ఊరుకోకుండా, దాని మీది లోహాలను ఎక్స్‌రే ప్రతిదీప్తి వంటి పద్ధతుల్లో విడిగా కొలిస్తేనే ఇనుమెంతో, మాంగనీసు ఎంతో తేలుతుంది.